మోత లెక్క

మేనమామ చిట్టియ్య ఇంటి మీద మూడు క్షిపణులు గురిపెట్టి ఉన్నాయని రూబీకి మంగళవారం పదకొండు గంటలకు కాలేజీ లైబ్రరీలో తెలిసింది.

వెంటనే తెలియలేదు. లైబ్రేరియన్ సాయిప్రసన్న ప్రింటర్‌లోంచి వేడివేడిగా వస్తున్న కాగితాలను ఒక్కొక్కటే తీసి బల్ల మీద బోర్లా పెడుతోంది. 

"కంగారుపడకండి మేడమ్," అంది సాయిప్రసన్న. "మెషీన్ ఒక్కోసారి తప్పు చూపిస్తుందండి. రిఫరెన్సులు కూడా కాపీ కిందే లెక్కేసేస్తుంది."

"ఎంత చూపించింది?"

"డెబ్బై ఒకటండి."

కాపీ పది శాతం దాటితే థీసిస్ వెనక్కి పంపుతారు. అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఈ రెండు వాక్యాలూ రూబీ తన క్లాసులో పిల్లలకు చాలాసార్లు చెప్పింది. ఆ కాలేజీలో ఆమె లెక్కలు చెబుతోంది. వచ్చే జూన్‌లోగా పీహెచ్‌డీ పట్టా చేతికి రాకపోతే ఆ ఉద్యోగం ఉండదని యాజమాన్యం రాతపూర్వకంగా ఇచ్చి ఏడాదయింది.

రూబీ కాగితాలు వెల్లకిలా తిప్పింది. ఎడమ పక్క ఆమె రాసింది. కుడి పక్క మార్చిలో అచ్చయిన ఒక పరిశోధనా పత్రం. రెండింటిలో కలిసిన వాక్యాలకు ఎర్ర రంగు. పేజీలన్నీ ఎర్రగానే ఉన్నాయి.

ఆమె థీసిస్ వరదల గురించి. గోదావరి పొంగితే ఐదు లంకల్లో పద్నాలుగు పేటలు మునుగుతాయి. రేవులో ఉండేది పదకొండు పడవలు. ఏ పడవ ముందు ఎటు వెళ్ళాలి, ఏ పేటకు ఒకటి చాలు, ఏ పేటకు మూడు కావాలి అన్నది ఆమె ఆరేళ్ళ పని. పక్కపక్క పేటలను ఒక గుంపు చేసి, గుంపుకు ఎన్ని పడవలో ముందు తేల్చుకుని, ఆ తర్వాత గుంపు లోపల పంచడం ఆమె పట్టుకున్న దారి. అలా చేస్తే రోజంతా పట్టే లెక్క నిమిషాల్లో తేలుతుంది.

కుడి పక్క పత్రం పేరు, గుంపుగా ఉన్న లక్ష్యాలపై బహుళ క్షిపణుల సమన్వయ ప్రయోగం. రాసినవాళ్ళు ముగ్గురు. ఎక్కడో వేరే రాష్ట్రం వాళ్ళు. ఆ పేర్లు రూబీ ఎప్పుడూ వినలేదు. అందులో పదకొండు క్షిపణులున్నాయి. పద్నాలుగు లక్ష్యాలు. నాలుగు గుంపులు. ఆమె స్కూటీ మీదా పడవ మీదా తిరిగి కొలిచిన దూరాలు ఒక్క మీటరు తేడా లేకుండా అక్కడ ఉన్నాయి.

ఏడో నంబరు లక్ష్యం విలువ పందొమ్మిది. అన్నింటిలోకీ ఎక్కువ. దానికి మూడు క్షిపణులు కేటాయించారు. ఏడో నంబరు చిట్టియ్య ఉండే పేట. ఎడమ పక్క తన పట్టికలో ఆ అంకె పద్దెనిమిది. మిగతా పట్టికంతా కలిసింది, ఆ ఒక్క అంకె తప్ప.

విలువల వరస పైన ఇంగ్లీషు అక్షరాల్లో మోత అని ఉంది.

రూబీ ఆ మాట మీద వేలు పెట్టింది. తన కాళ్ళ మీద తాను పడవ ఎక్కలేని మనిషిని లంక పడవవాళ్ళు మోత అంటారు. మంచాన పడ్డ ముసలివాళ్ళు, పచ్చి బాలింతలు, కాళ్ళు చచ్చుబడ్డవాళ్ళు. ఎత్తి ఎక్కించాలి. "ఆ ఇంట్లో ఎన్ని మోతలు?" అని అడిగి పడవ తిప్పుతారు. దానికి సరైన ఇంగ్లీషు మాట దొరక్క రూబీ సమీకరణంలో ఆ మాటనే పెట్టేసింది. కుడి పక్క పత్రంలో దానికి కింద వివరణ ఇచ్చారు. మల్టీ ఆబ్జెక్టివ్ టార్గెట్ అప్రైజల్. పొడి అక్షరాలు కలిపితే మోత.

రూబీ నవ్వింది. సాయిప్రసన్న భయపడి మంచినీళ్ళ సీసా ముందుకు జరిపింది.

*

ప్రొఫెసర్ నాగేశ్వరప్రసాద్ గది రెండో అంతస్తులో చివర. ఆయన రూబీకి గైడు. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళుంది. ఆరేళ్ళ కిందట రూబీ ఈ పడవల లెక్క పట్టుకుని తిరిగితే, ఇద్దరు గైడులు "ఇది రెవెన్యూ వాళ్ళ పనమ్మా, లెక్కల పని కాదు" అని పంపేశారు. ఈయన మాత్రం కూర్చోబెట్టి, "రేవు నుంచి పేటకి ఎదురునీటిలో ఎంతసేపు?" అని అడిగారు. అప్పటి నుంచీ ఆమె రాసిన ప్రతి పేజీ ఆయన ఆకుపచ్చ సిరాతో దిద్దిందే.

ఆయన రిపోర్టు అందుకుని కళ్ళజోడు తీశారు. చొక్కా అంచుతో ఒక అద్దం తుడిచారు. రెండో అద్దం తుడిచారు. పెట్టుకుని నెమ్మదిగా చదివారు. ఎవరు రాశారని అడగలేదు.

"యంత్రానికి తారీకు తప్ప ఇంకేం తెలీదమ్మా," అన్నారు చివరికి. "వాళ్ళది మార్చి. మనది సెప్టెంబరు."

"వాళ్ళు మనది ఎత్తుకుపోయారు సార్."

"కాదన్లేదు. కమిటీకి ఎలా చూపిస్తావు?"

 ఆయన డ్రాయరు తెరిచి, ఏదీ తీయకుండా మూశారు.

"నే చెప్పేది విను. విచారణ దాకా పోనివ్వద్దు. మనంతట మనమే వెనక్కి తీసుకుందాం. పేటల అంకెలు తీసేసి ఊహా సంఖ్యలు వేద్దాం. వాక్యాలు మారుద్దాం. ఆరు నెలల్లో మళ్ళీ పెట్టొచ్చు."

"జూన్ దాటిపోతుంది సార్. నా ఉద్యోగం?"

"నేను మాట్లాడతానుగా."

"ఊహా సంఖ్యలు వేస్తే పేటలు పోతాయి కదండీ."

"పేటలెక్కడికి పోతాయమ్మా. అవి గోదాట్లోనే ఉంటాయి. కాయితం మీంచి పోతాయి, అంతే."

ఆయన ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే ఆ మాట అన్నారు. రూబీ తలూపింది. బల్ల మీద ఆయన టీ చల్లారి పైన మీగడ కట్టింది. ఎవరో దాన్ని ఊదుతున్నట్టు ఫ్యాను గాలికి అది కదులుతోంది. ఆ మీగడనే చూస్తూ ఆమె కాసేపు నిలబడింది. తనకు ఏడుపు రావాలి. రాలేదు. మధ్యాహ్నం రెండు క్లాసులున్నాయని గుర్తొచ్చింది. వెళ్ళి రెండూ చెప్పింది.

నాలుగింటికి డీన్ చంద్రరావు గారి దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. శుక్రవారం పదిన్నరకు కమిటీ ముందు హాజరు కావాలి. పని తనదేనని చూపించే ఆధారాలుంటే తెచ్చుకోవాలి.

*

బుధవారం సెలవు పెట్టి రూబీ కోటిపల్లి రేవుకు వెళ్ళింది. స్కూటీ టీ కొట్టు పక్కన ఆపి, పాయ దాటించే పడవ ఎక్కింది. వరద పోయి రెండు నెలలయినా లంక గట్టు మీద ఒండ్రు ఇంకా పూర్తిగా ఆరలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచింది.

చిట్టియ్య పడవను గట్టు మీదికి లాగి, బోర్లించి, చెక్కల సందుల్లో కొబ్బరి పీచు కూరుతున్నాడు. పీచును నీళ్ళలో తడిపి, అరచేతుల మధ్య తాడులా నులిమి, మొద్దు ఉలితో సందులోకి దిగగొడుతున్నాడు. పక్కన రేకు డబ్బాలో తారు మరుగుతోంది.

"ఏంటే అమ్మాయ్, బుధవారం పూట వచ్చేవు? కాలేజీ తీసేసేరా, నిన్ను తీసేసేరా?"

"రెండోదే అయ్యేట్టుంది మావయ్యా."

అతను ఉలి ఆపాడు. రూబీ పడవ నీడన కూలబడి సంగతంతా చెప్పింది. చిట్టియ్య భార్య పాపాయి మోకాళ్ళు పట్టుకుని వాకిట్లోంచి మెల్లగా నడిచి వచ్చి, తిరగేసిన బకెట్టు మీద కూర్చుంది.

"అయితే మనింటి మీద మూడు పడతాయంటావు," అన్నాడు చిట్టియ్య.

"పేట మొత్తానికి మావయ్యా."

"గట్టవతల పెద్ద మేడలున్నాయి కదా. వాటికెన్నిచ్చేరు?"

"ఒకటే. అక్కడ మోతలు లేరుగా."

"చూసేవా పాపాయీ. ఇన్నాళ్ళకి పైవాళ్ళు మనకి ఎక్కువ రాసేరు."

"నీ ఎకసెక్కాలు తగలెయ్య," అంది పాపాయి. "అప్పుడు మూడు పడవలన్నావు కదే అమ్మాయ్, మా పేటకి?"

"అవే అత్తా. పేరు మార్చేరు."

పాపాయి మోకాలు రుద్దుకుంది. "ముందు మన దగ్గరికే వస్తాయన్నావు. మంచం మీద వాళ్ళు ఎక్కువున్న చోటికి."

"ఊఁ."

"అదీ మార్చలేదా?"

"మార్చలేదు."

చిట్టియ్య మళ్ళీ ఉలి అందుకున్నాడు. రెండు దెబ్బలు కొట్టి, "ఇప్పుడు నీకేం కావాలి?" అన్నాడు.

"కంప్యూటర్లో తారీకులు మార్చేసుండొచ్చంటారు. మనం లెక్క రాసిన కాయితం కావాలి. వాళ్ళ కంటే ముందు నా దగ్గర ఉందని చూపించాలి."

అతను లేచి చేతులు పంచెకు తుడుచుకుని ఇంట్లోకి వెళ్ళి, చర్చికి పట్టుకెళ్ళే పాటల పుస్తకం తెచ్చాడు. వెనక ఖాళీ ఆకుల్లో పెన్సిలుతో రాసిన పేర్లు. ఏడో పేటవి పందొమ్మిది. మొదటి పేరు జ్ఞానమ్మ. పన్నెండో పేరు పాపాయి.

"నన్నెందుకు రాసేవయ్యా మోతల్లో?" పాపాయి పుస్తకంలోకి వంగి చూసింది. "నేను నడుస్తున్నాను కదా?"

"నడుస్తావు. పడవెక్కించాలంటే ఇద్దరు కావాలి. ఒకడు కింద నుంచి, ఒకడు పై నుంచి."

రూబీ పేజీ పైభాగం చూసింది. త్రిత్వ పండుగ తర్వాత పద్నాలుగో ఆదివారం, అని ఉంది. తారీకు లేదు. సంవత్సరం లేదు.

"ఏ ఏడు మావయ్యా ఇది?"

"ఆ ఆదివారం ఆరాధన అయ్యేక గుడి మెట్ల మీద కూర్చుని రాసేం కదే. నువ్వు నీలం కోకలో ఉన్నావు."

"ఏడు రాయలేదే."

"ఏడెవరు రాస్తారు? తారీకులు మర్చిపోతాం గానీ ఆదివారాలు మర్చిపోతామా? పాస్టరయ్యగారు చెప్పేరు పద్నాలుగోదని, రాసేను."

త్రిత్వ పండుగ తర్వాత పద్నాలుగో ఆదివారం ప్రతి ఏడూ వస్తుంది. ఈ సెప్టెంబరులోనూ వచ్చింది. ఇది నిన్ననే రాశారని కమిటీ అంటే కాదనడానికి ఆధారం లేదు. రూబీ పుస్తకం తెరిచే ఒళ్ళో పెట్టుకుంది. 

పాపాయి ఇంకా పేర్లే చూస్తోంది.

"జ్ఞానమ్మత్త ఉందిందులో," అంది. "ఆవిడ పోయేక రాసుంటే ఆవిడ పేరెందుకుంటుందే? ఆవిడెప్పుడు పోయిందో అయ్యగారి పుస్తకంలో రాసుంటుంది. అందులో ఏడు కూడా ఉంటుంది. ప్రభుత్వానికి పంపాలని రాస్తారు."

*

గురువారం ఉదయం పాస్టర్ జయపాల్ సమాధుల రిజిస్టరు తీసి బల్ల మీద పరిచాడు. అద్దాలు లేకపోతే ఆయనకు చిన్న అక్షరాలు కనబడవు. అద్దాలు ఇంట్లో మర్చిపోయి వచ్చాడు. రూబీయే వేలు పెట్టి కిందికి వెతికింది.

జ్ఞానమ్మ, ఎనభై ఆరు సంవత్సరాలు. 2023 అక్టోబరు 11.

"నేనే చేసేనమ్మా ఆ సమాధి ఆరాధన," అన్నాడు జయపాల్. "వానలో. పెట్టె మోసినవాళ్ళు జారిపోయేరు."

"పద్నాలుగో ఆదివారం ఆ ఏడు ఎప్పుడొచ్చిందో చెప్పగలరా అయ్యగారూ?"

ఆయన సంఘం పాత క్యాలెండర్లు కట్టగా కట్టి ఉంచుతాడు. 2023ది లాగాడు. సెప్టెంబరు 10.

ఆయన ఒక కాగితం మీద రెండు సంగతులూ రాసి, సంఘం ముద్ర వేసి, సిరా ఆరేదాకా ఊదాడు. పడవల లెక్క ఎందుకు, క్షిపణులెందుకు అని ఏమీ అడగలేదు. పంపించేటప్పుడు మాత్రం, "ఆవిడ పేరు తప్పుగా రాయనివ్వకండమ్మా అక్కడ. 'జ్ఞ' చాలామందికి రాయడం రాదు," అన్నాడు.

మధ్యాహ్నం రూబీ స్టాఫ్ రూములో కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. ఆధారం దొరికింది. ఇక ఆ ఒక్క అంకె సంగతి మిగిలింది. తన థీసిస్‌లో పద్దెనిమిది. వాళ్ళ పత్రంలో పందొమ్మిది.

పాత ఫైళ్ళు తేదీల వరసలో పెట్టింది. సెప్టెంబరు 10న లెక్క రాసుకున్నప్పుడు ఏడో పేట అంకె పందొమ్మిది. అక్టోబరు 11న జ్ఞానమ్మ పోయింది. చిట్టియ్య ఫోన్ చేసి చెబితే, మర్నాడే పట్టికలో ఒకటి తగ్గించింది. మనిషి పోతే లెక్కలోంచి తీయాలి కదా అని తీసేసింది. అప్పటి నుంచీ అన్ని ఫైళ్ళలోనూ పద్దెనిమిదే. అంటే పందొమ్మిది ఉన్న ఫైలు లోకంలో ఉన్నది ఒక్క నెల.

ఆ నెలలో తను పంపిన మెయిళ్ళు వెతికింది. ఆ ఫైలు జతచేసిన మెయిల్ ఒక్కటే ఉంది. సెప్టెంబరు 25. నాగేశ్వరప్రసాద్ గారికి. 'సార్, పేటల లెక్క పూర్తయింది. ఒకసారి చూడగలరు.' ఆ రాత్రే జవాబు వచ్చింది. 'చూశాను. శుభ్రంగా ఉంది తల్లీ. గర్వంగా ఉంది.'

రూబీ ఆ జవాబును రెండుసార్లు చదివింది. ఆయన ఎవరికో చూపించి ఉంటారు. మంచి పనని మెచ్చుకుంటూ చూపించి ఉంటారు. చూసినవాళ్ళు ఎత్తుకుపోయి, పడవలను క్షిపణులు చేసుంటారు. అలా అనుకుంటే అన్నీ అమరుతున్నాయి. మంగళవారం ఆయన ఊహా సంఖ్యలు వేద్దామన్న మాట ఒక్కటి అమరలేదు.

ఆమెకు కోపం రాలేదు. భయం కూడా వేయలేదు. పక్క బల్ల మీద ఎవరిదో టిఫిన్ క్యారేజీ మూత సరిగా పడలేదు. లేచి వెళ్ళి దాన్ని సరిగ్గా నొక్కి, మళ్ళీ వచ్చి కూర్చుంది. ఆయన పేరు చెబితే తాను బయటపడుతుంది. చెప్పకపోతే ఆ పందొమ్మిది ఉన్న ఫైలు బయటికిచ్చింది తనేనంటారు.

*

శుక్రవారం కమిటీ గదిలో నలుగురున్నారు. నడుమ డీన్ చంద్రరావు, అటూ ఇటూ ఇద్దరు సభ్యులు, బల్ల చివర గైడు హోదాలో నాగేశ్వరప్రసాద్. ఎప్పుడూ వేసుకునే తెల్ల చొక్కాయే. రూబీ వచ్చి కూర్చోగానే ఆయన చిన్నగా తలూపారు.

చంద్రరావు గట్టి మనిషే గానీ మొరటు మనిషి కాదు. రిపోర్టు ముందేసుకుని వరసగా అడిగాడు. దూరాలు ఎవరు కొలిచారు? ఎలా కొలిచారు? గుంపులు ఎందుకు నాలుగే? రూబీ చెప్పింది. తరగతిలో చెప్పినట్టు చెప్పింది.

"ఈ మోత ఏంటమ్మా? వాళ్ళేమో ఇంత పొడుగు పేరు రాశారు. నువ్వేమో తెలుగు మాటంటున్నావు. మోతంటే చప్పుడు కదా?"

"ఎత్తాల్సిన మనిషండి. లంకల్లో అలాగే అంటారు."

"మా ఆవిడ్ని కూడా రాయించాలైతే," అన్నాడొక సభ్యుడు. ఎవరూ నవ్వకపోయేసరికి కాగితాల్లోకి చూశాడు.

రూబీ పాటల పుస్తకం వెనక ఆకు చూపించింది. పాస్టర్ కాగితం పక్కన పెట్టింది. పద్నాలుగో ఆదివారం ఎప్పుడో, జ్ఞానమ్మ ఎవరో, ఆవిడ బతికి ఉండగా రాసిన లెక్క ఎందుకు పందొమ్మిదో చెప్పింది. చంద్రరావు పెన్సిల్ తీసి పేర్లు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. పందొమ్మిది వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టాడు.

"అంటే పోయినావిడ కూడా వాళ్ళ టార్గెట్లో ఉందన్నమాట," అన్నాడు.

"అవునండి. ఏడాదిన్నర అయ్యేక అచ్చేశారు."

 చంద్రరావు పెన్సిల్ కింద పెట్టాడు.

"పని ముందు నువ్వే చేశావు. అది ఒప్పుకుంటాను. కానీ రూబీ, దాంతో నువ్వు బయటపడవు. నీ దగ్గరున్నది వాళ్ళ దగ్గరికి ఎలా పోయింది? నువ్వే ఇచ్చుండొచ్చు. రాసిపెట్టేవాళ్ళు, రాయించుకునేవాళ్ళు ఈ రోజుల్లో ఎంతమంది లేరు. ఇచ్చేసి, ఇప్పుడు నాదంటున్నావని వాళ్ళంటే నేనేం చెప్పాలి? అప్పుడు రిజిస్ట్రేషన్ ఒక్కటే కాదు, ఉద్యోగం కూడా పోతుంది."

"నేనివ్వలేదండి."

"మరెవరిచ్చారు? ఈ ఫైలు ఎవరెవరి దగ్గరుంది?"

రూబీ లాప్‌టాప్ మూత మీద చెయ్యి వేసింది.

"పద్దెనిమిది ఉన్న ఫైలు చాలామంది దగ్గరుంది సార్. లాబ్‌లో ఉంది, సెమినార్లో ఇచ్చాను. పందొమ్మిది ఉన్నది మాత్రం ఒక్కరికే పంపేను. 2023 సెప్టెంబరు 25న."

"ఎవరికి?"

ఆమె మూత తెరవలేదు. చేతి కింద లాప్‌టాప్ వెచ్చగా ఉంది. పేరు నాలుక చివర ఉంది. ఆరేళ్ళుగా ఆ పేరు ముందు ఒకసారీ వెనక ఒకసారీ సార్ అని చేర్చకుండా పలకలేదు. అలాగే పలకాలా, ఉత్త పేరు చెప్పాలా అన్నది తేలక ఆగిపోయింది.

"మెయిల్ చూపించమ్మా," అన్నాడు చంద్రరావు.

"తెరవక్కర్లేదులే తల్లీ," అన్నారు నాగేశ్వరప్రసాద్. "నాకేనండి చంద్రరావు గారూ. నాకే పంపింది."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఈసారి తుడవలేదు.

"మీరు ఎవరికైనా చూపించారా సార్?" అని రూబీయే అడిగింది. "చూసినవాళ్ళు ఎత్తుకుపోయారా?"

"చూపించడం కాదమ్మా. చెబుతాను, విను. మీరూ వినండి.

ఈ పడవల పని అప్పటికి నాలుగేళ్ళుగా ఒక్కో ప్రభుత్వ ఆఫీసుకి పంపుతూ వచ్చేను. నాలుగు చోట్ల నుంచీ అందిందని కూడా రాయలేదు. ఒక చోటికి నేనే వెళ్ళేను. గుమ్మంలో మూడు గంటలు కూర్చోబెట్టి, వరదలు ఏడాదికి వారం రోజులే కదండీ అన్నారు. ఆ ఏడు క్షిపణుల సంస్థ ప్రకటన ఒకటి చూసేను. గుంపు లక్ష్యాలు, బహుళ క్షిపణులు, పరిశోధనలు పంపండి అని. చదివితే మనం చేసిందే. అక్షరం అక్షరం మనదే. నువ్వు ఫైలు పంపిన వారంలోపు అది నా కంటబడింది.

మార్చింది ఆ ముగ్గురు కాదు రూబీ. నేనే మార్చేను. ఒక్క మధ్యాహ్నం పట్టింది. పడవ అన్న చోట క్షిపణి అని వేశాను. పేట అన్న చోట లక్ష్యం. రేవు అన్న చోట ప్రయోగ స్థానం. రక్షించడం అన్న చోట ఛేదించడం. ఒకసారి చెబితే కంప్యూటరు అన్ని చోట్లా మార్చేసింది. అది మారుస్తుంటే నేను టీ తాగేను. మోత ఒక్కటే మిగిలింది. గ్రాఫుల్లోనూ బొమ్మల్లోనూ ఉంది, అవన్నీ మళ్ళీ గీయాలంటే బద్ధకమేసింది. నాలుగు ఇంగ్లీషు మాటలు వెతికి అతికించేను. అతికింది. నా తెలివికి నేనే మురిసిపోయేను.

నా పేరు మీద పంపిన పదకొండో రోజున ఫోనొచ్చింది. చాలా గొప్ప పని ప్రొఫెసర్ గారూ అన్నారు. ముప్పై రెండేళ్ళ సర్వీసులో నాతో ఆ మాట ఎవరూ అనలేదు. తర్వాత ఇంక కబురు లేదు. చదివినవాళ్ళలో ఎవరో వాళ్ళ పేర్లు వేసుకున్నారని మార్చిలో తెలిసింది. ఎవరి దగ్గరికెళ్ళి ఏమని చెప్పను? నేను ఎత్తుకొచ్చింది నా దగ్గర ఎత్తుకుపోయారనా? సెప్టెంబరులో నువ్వు థీసిస్ పెడుతున్నప్పుడు చెప్పాల్సింది. మెషీన్‌కి ఆ పత్రిక అందదులే అనుకున్నాను. మంగళవారం నువ్వొచ్చేక కూడా, అంకెలు మారిస్తే మాసిపోతుందనుకున్నాను."

"లెక్కలో ఏమీ మార్చక్కర్లేకపోయిందా సార్?" అంది రూబీ.

ఆయన ఆమె వైపు తిరిగారు. థీసిస్‌లో ఒక పేజీ గురించి అడిగితే చెప్పినట్టే, తాపీగా చెప్పారు.

"ఎక్కడో విరుగుతుందనే అనుకున్నానమ్మా. రెండు రోజులు చూసేను. విరగలేదు. మోతలెక్కువున్న చోటికి ముందు వెళ్ళాలని రాశావు, అది అలాగే సరిపోయింది. ఒక్క షరతు అడ్డమొచ్చింది. వెళ్ళిన ప్రతి పడవా మళ్ళీ రేవుకి తిరిగి రావాలని రాశావు కదా, అది. అది కొట్టేశాను. కొట్టేశాక లెక్క ఇంకా తొందరగా తేలింది."